బాకీ ఆమెది కాదు

ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయిని ఇరవై ఏళ్లయినా మరిచిపోని మగవాడి గురించి వింటే మన మనసు ఇట్టే కరిగిపోతుంది. డబ్బున్నవాడై ఉండి, పెళ్లి చేసుకోకుండా, పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడని తెలిస్తే ఇంక చెప్పనే అక్కర్లేదు. "పాపం, ఎంత ప్రేమో" అంటాం. నేనూ అన్నాను. అలా అని ఊరుకోకుండా ఒక పని కూడా చేశాను, ఆ పని గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది నారాయణపేట దగ్గర పల్లె. కర్ణాటక సరిహద్దు పక్కనే. మా వాడలో రెండు రకాల ఇళ్లుండేవి, మగ్గాల చప్పుడు వినిపించే ఇళ్లు, తాళాలు వేసి ఉండే ఇళ్లు. తాళాల ఇళ్లవాళ్లు బొంబాయి పోయినవాళ్లు. దీపావళి దాటిందంటే మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, మొగుడూ పెళ్లాం మూటలు కట్టుకుని బొంబాయి బస్సెక్కేవాళ్లు, ముసలివాళ్లూ చిన్నపిల్లలూ ఊళ్లో మిగిలేవాళ్లు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు. ఏ డ్యామ్ దగ్గర చూసినా, ఏ కాలువ గట్టు మీద చూసినా మనవాళ్లే మట్టి మోశారు.

నా దోస్తుది మగ్గం ఉన్న ఇల్లు. ఆమెను ప్రేమించిన అన్నది తాళం ఇల్లు. పేర్లు రాయను, ముగ్గురం ఇంకా ఆ ఊరివాళ్లమే.

1999లో ఒకరోజు సాయంత్రం నేను వాళ్లింట్లో కూర్చుని దోస్తుతో పాటు కండెలు చుడుతున్నాను. అప్పుడు మా ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు, అతనికి ఒక ఏడాది ఎక్కువ. అతను ఒక్కడే వచ్చాడు, పెద్దవాళ్లెవరినీ తీసుకురాలేదు, గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న వాళ్ల నాయిన ముందు నిలబడి పెళ్లి మాట అడిగాడు. ఆయన మగ్గం ఆపలేదు. నాడె అటూ ఇటూ కొడుతూనే అన్నాడు, "బొంబాయి బస్సెక్కేటోనికి పిల్లను ఎట్ల ఇయ్యాలె? ముందు ఒక ఇల్లు చూపియ్యి." కులం మాట ఆయన ఎత్తలేదు కానీ అక్కడున్న అందరికీ అది వినపడింది. ఆ అన్న ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు. నా దోస్తు చేతిలో కండె తిరగడం ఆగిపోయింది, దారం తెగింది, ముడి వేసి మళ్లీ చుట్టింది. వారం తిరగకుండా అతను బొంబాయి వెళ్లాడు, ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. ఉత్తరం కూడా రాయలేదు. మరుసటి ఏడాది ఆమెకు సోలాపూర్ సంబంధం చేశారు. మన మగ్గాలవాళ్లు సోలాపూర్, భివండి పోయి పవర్లూమ్‌లలో పనిచేయడం ఎప్పటినుంచో ఉన్నదే.

ఇది జరిగిన కొన్నేళ్లకు నేను దూరవిద్యలో ఎంఏ ఇంగ్లీషు చదువుతూ 'ది గ్రేట్ గాట్స్‌బీ' చదివాను. 1925 ఏప్రిల్‌లో వచ్చిన చిన్న నవల. కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఉత్తర డకోటాలో పేద రైతుల కొడుకు, గాట్స్‌బీ అని పేరు మార్చుకున్నవాడు, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యంలో ఉండగా లూయివిల్‌లో డైసీ అనే డబ్బున్నవాళ్ల అమ్మాయిని ప్రేమిస్తాడు. అతను యుద్ధానికి వెళ్తాడు, ఆమె ఇంకొక డబ్బున్నవాడిని పెళ్లి చేసుకుంటుంది. ఐదేళ్ల తర్వాత అతను న్యూయార్క్ పక్కన సముద్రపు పాయకు అవతల, సరిగ్గా ఆమె ఇంటికి ఎదురుగా పెద్ద భవంతి కొని పెద్ద పెద్ద విందులు ఇస్తుంటాడు, ఏదో ఒకరోజు ఆమె వస్తుందని. విందుకు వచ్చి తినేవాళ్లు మాత్రం అతనికి ఈ డబ్బు ఎక్కడిదని గుసగుసలాడుతుంటారు.

ఆ డబ్బు సారా డబ్బు. అమెరికాలో 1920 జనవరి 17 నుంచి మద్యనిషేధం, అది 1933 దాకా నడిచింది. ఈ సంగతి మా తరానికి ఎవరూ వివరంగా చెప్పక్కర్లేదు. 1995 జనవరి 16న మన దగ్గర సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు నేను స్కూలు పిల్లను. మా ఊరి మగవాళ్లు గుర్మిట్కల్ దాకా పోయి తాగి వచ్చేవాళ్లు. సైకిల్ టైరు ట్యూబుల్లో సారా తెచ్చి అమ్మి ఇళ్లు కట్టినవాళ్ల గురించి అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. 1997లో నిషేధం ఎత్తేశారు, ఇళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

మొదటిసారి చదివినప్పుడు నేను నవల చివర ఏడ్చాను. ప్రేమ కోసం కాదు. విందులు తిన్న వందల మందిలో గాట్స్‌బీ అంత్యక్రియలకు దాదాపు ఎవరూ రాకపోతే, ఎక్కడో పల్లెనుంచి ముసలి తండ్రి వస్తాడు. కొడుకు చిన్నప్పుడు ఒక పుస్తకం చివరి ఖాళీ పేజీలో రాసుకున్న టైంటేబుల్ తీసి చూపిస్తాడు. పొద్దున ఆరింటికి లేవాలి, కసరత్తు చేయాలి, కరెంటు గురించి చదవాలి, ఇట్లా. దాని మీద 1906 అని తారీకు ఉంటుంది. కొడుకు ఎట్లాంటివాడో చెప్పడానికి ఆ తండ్రి దగ్గర ఉన్న సాక్ష్యం అదే. మా వాడలో అట్లాంటి తండ్రులు చాలామంది ఉన్నారు. ఆ రాత్రి నాకు తాళం ఇంటి అన్న గుర్తొచ్చాడు, ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో అనుకున్నాను.

ఉన్నాడు. 2015లో తెల్ల కారులో వచ్చాడు. ఊరంతా అతన్ని బొంబాయి సేటు అనడం మొదలుపెట్టారు. బిల్డింగు పునాదుల్లో బంగారం దొరికిందట అన్నారు, గద్వాల వైపు నకిలీ పత్తి విత్తనాలు అమ్మాడట అన్నారు, కూలీల అడ్వాన్సులు మింగాడట అన్నారు. నాకు తెలిసింది మాత్రం ఇది: కూలీగా వెళ్లినవాడు మేస్త్రీ అయ్యాడు, మేస్త్రీ నుంచి లేబర్ కాంట్రాక్టరు అయ్యాడు, ఆ తర్వాత భూముల్లోకి దిగాడు. అంటే తన నాయినలాంటి వందలమంది చెమట మీద కమీషన్ తీసుకున్నాడు. ఇది నాకు మింగుడుపడని విషయమే, అయినా నేరం అనలేను, ఆ దారి తప్ప అతనికి ఇంకో దారి ఎవరు చూపించారు?

రెండేళ్లలో ఇల్లు కట్టాడు. రెండంతస్తులు, నున్నటి పాలరాయి, స్టీలు రైలింగు. ఊళ్లో ఎన్నో మంచి జాగాలుండగా షాబాదు బండలు పరిచిన ఒక పాత మగ్గం ఇంటికి సరిగ్గా ఎదురుగా కట్టాడు. ప్రతి సద్దుల బతుకమ్మకు వాడంతా లైట్లు వేయించేవాడు, జనరేటరు పెట్టించేవాడు, వచ్చినవాళ్లందరికీ భోజనం. తాను మాత్రం దూరంగా వేపచెట్టు కింద నిలబడేవాడు. సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. సోలాపూర్ నుంచి కూడా వస్తారు. నాకు ఇదంతా అర్థం కావడానికి రెండు పండుగలు పట్టింది.

2019లో, మా నారాయణపేట జిల్లా అయిన ఏడాది, అతను మా ఇంటికి వచ్చాడు. అప్పటికి నేను టీచరుగా పేటలోనే ఉంటున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "చెల్లె, పండుగకు ఆమె వస్తది గద. ఒక్కసారి మీ ఇంటికి చాయ్‌కి పిలువు. నేను మాట్లాడి పోత. అంతే" అన్నాడు. అంత పెద్దమనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నవలలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది, డైసీకి వరసకు అన్న అయ్యే మనిషి చేత ఆమెను చాయ్‌కి పిలిపిస్తాడు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. సరే అన్నా అన్నాను. ఆమెకు మాత్రం అతను వస్తాడని చెప్పలేదు. చెప్తే రాదేమోనని భయం. ఇది నేను చేసిన తప్పు.

ఆమె వచ్చింది, కాసేపటికి అతను వచ్చాడు. ఆమె లేవలేదు, అరవలేదు, నా వైపు మాత్రం ఒకసారి చూసింది. అతను రెండు పెద్ద సంచుల్లోంచి చీరలు తీసి మంచం మీద పరిచాడు. నారాయణపేట చీరలు, ఎనిమిది. ఎనిమిదీ ఎనిమిది రంగులు. "నీకు యాదికున్నదా, మీ నాయిన ఒక్కసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది నేస్తుండే" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. నారాయణపేట మగ్గం లెక్క అదే, ఒక్క చీరకు సరిపోయేంత కాకుండా యాభై ఆరు గజాల పడుగు, అంటే నిలువు దారాలు, ఒకేసారి ఎక్కించి ఎనిమిది చీరలు దింపుతారు. ఇరవై ఏళ్లు ఆ సంఖ్య మనసులో పెట్టుకున్నాడు.

ఆమె ఒక చీర దగ్గరికి తీసుకుంది. గుడి అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరిపింది. తిరగేసి వెనక్కి చూసింది. తర్వాత అంచు చివరను కిటికీ వెలుతురుకు పట్టి కన్ను దగ్గరగా పెట్టింది. మగ్గం మీద నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా సాగదీసి సూదులు గుచ్చుతారు, అందుకే చేనేత చీరకు రెండంచుల చివరా సన్నటి చిల్లులు వరసగా ఉంటాయి. దీనికి లేవు. ఆమె చీర మడతపెట్టి మళ్లీ ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టింది. "ఇవి మిల్లువి" అంది. కోపంగా కాదు, కొలత చెప్పినట్టు. "ఒక్క పడుగు మీదివి అయితే పడుగు రంగు ఒక్కటే ఉంటది. ఎనిమిది రంగులు ఎట్లయితయి?"

అతను హైదరాబాద్‌లో పెద్ద షాపులో కొన్నాడట. ఎంత పెట్టాడో చెప్పలేదు, చెప్పి ఉంటే నాకు ఇంకా బాధయ్యేది.

చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడతను అడగవలసిన మాట అడిగాడు. "ఒక్కటి చెప్పు. అక్కడ నువ్వు ఎన్నడూ మంచిగ లేవు గద?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, "ఉన్న. కొన్ని దినాలు మస్తు మంచిగ ఉన్న. మొదటి ఏడు ఆయన జీతం వచ్చిన రోజు శేంగ చట్నీ పొట్లం తెస్తుండే, ఇద్దరం మిద్దె మీద కూర్చుని జొన్నరొట్టెల తింటుంటిమి. కొన్ని దినాలు మంచిగ లేను. అన్నీ నాయే." గ్లాసు కింద పెట్టి, "నువ్వు పోయేటప్పుడు ఒక్క మాట చెప్పి పోతే అయితుండే" అంది. లేచి చెప్పులేసుకుంటూ ఇంకో మాట అంది: "ఇల్లు నాకెందుకు చూపిస్తవ్? చూపియ్యిమన్నది మా నాయిన. ఆయన పోయి ఆరేండ్లాయె."

ఆ రాత్రి నవల మళ్లీ తీశాను. ప్లాజా హోటల్ గదిలో గాట్స్‌బీ ఆమె మొగుడి ఎదుటే డైసీని అదే అడుగుతాడు, వీణ్ని ఎన్నడూ ప్రేమించలేదని చెప్పమంటాడు. ఆమె చెప్పబోతుంది, చెప్పలేకపోతుంది, ఒకప్పుడు ఇతన్నీ ప్రేమించానని ఒప్పుకుంటుంది. ఆ మాట దగ్గరే గాట్స్‌బీ కూలిపోతాడు. మొదటిసారి చదివినప్పుడు అక్కడ నేను డైసీని పిరికిది అనుకున్నాను. రెండోసారి చదివితే, ఆ గదిలో నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది. మూడేళ్లు కాపురం చేసింది, కూతుర్ని కన్నది, ఆ మూడేళ్లనూ లేవని చెప్పమంటే ఎట్లా చెప్తుంది? ఆమె పెళ్లి ముందురోజు ఒక ఉత్తరం గుప్పిట్లో పట్టుకుని తాగి ఏడ్చిందని, స్నానాల తొట్టిలో కూర్చున్నా ఆ ఉత్తరాన్ని వదల్లేదని, అది నీళ్లలో నాని ముక్కలైపోయే దాకా పట్టుకునే ఉందని నవలలోనే ఉంది. ఆమె దుఃఖం ఒక్క పేజీ. అతని దుఃఖం పుస్తకమంతా. మనం ఎవరి పేజీలు ఎక్కువుంటే వాళ్లవైపు వెళ్లిపోతాం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇట్లాంటి కథల్లో మగవాడిని కోసేసేది పోయిన ప్రేమ ఒక్కటే కాదు, దానికంటే లోతుగా ఒక అవమానం ఉంటుంది. నీకు ఇల్లు లేదు, నువ్వెవరు అని ఎవరో ఒక సాయంత్రం అంటారు. ఆ మాట అన్నవాళ్లు తండ్రులు, ఊరు, కులం, డబ్బు. ఆ బాకీ వాళ్ల దగ్గర వసూలు చేయడం కుదరదు, వాళ్లు చచ్చిపోతారు, లేదా నీకు డబ్బు రాగానే వాళ్లే వచ్చి నీ విందులో కూర్చుంటారు. అప్పుడు ఆ బాకీ అంతా తీసుకొచ్చి ఆ అమ్మాయి ముందు పెడతాడు. నువ్వు ఒక్క మాట అంటే చాలు, ఆ సాయంత్రం జరగనట్టే అంటాడు. అవమానించింది ఒకరు, అడుగుతున్నది ఇంకొకరిని. నా దోస్తు ఆ రోజు కండెలు చుడుతూ కూర్చుంది, అంతే. ఆమెను కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

ఇది ఊరికే నవల కథ కూడా కాదు. రాసిన ఫిట్జెరాల్డ్‌కు పద్దెనిమిదేళ్లప్పుడు, 1915 జనవరిలో, జినీవ్రా కింగ్ అనే షికాగో ధనవంతుల అమ్మాయి పరిచయమైంది. రెండేళ్లు ఉత్తరాలు నడిచాయి, తర్వాత తెగిపోయింది, 1918లో ఆమె తమలాంటివాళ్లలోనే పెళ్లి చేసుకుంది. విడిపోయాక తన ఉత్తరాలు చించేయమని అతను అడిగితే ఆమె చించేసింది. ఆమె ఉత్తరాలను మాత్రం అతను టైపు చేయించి, 227 పేజీలు, బైండు చేయించి దాచుకున్నాడు. 1940లో నలభై నాలుగేళ్లకే అతను పోయాక అవి ఆమెకు చేరాయి. ఇది చదివి అబ్బా ఎంత ప్రేమ అనేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు ఇంకోటి కనపడుతుంది. పదహారు, పదిహేడేళ్ల అమ్మాయి రాసిన మాటలు అతని బీరువాలో అట్లాగే ఉండిపోయాయి, ఆ రాసిన మనిషి మాత్రం బయట పెద్దదవుతూ, పిల్లల్ని కంటూ, మారుతూ ఉంది. అతను రోజూ మాట్లాడుకున్నది బీరువాతో.

ఈ మాట మా స్టాఫ్ రూమ్‌లో అంటే ఒక సార్ నామీద లేచారు. అయితే మనిషి మరిచిపోవాలా మేడమ్, గుర్తుపెట్టుకోవడం కూడా తప్పేనా అని. తప్పని నేను ఎక్కడన్నాను? గుర్తుపెట్టుకోవడం అతని హక్కు. వెతుక్కుంటూ రావడం కూడా తప్పనను, వచ్చి "చెప్పకుండా పోయిన, తప్పయింది" అని ఉంటే నా దోస్తు ఆ గ్లాసు చాయ్ తాగి ఉండేదని నాకు గట్టి నమ్మకం. ఆమెకు అతని నుంచి రావలసింది ఆ ఒక్క మాటే. ఇరవై ఏళ్లు కష్టపడి అతను అది తప్ప మిగతావన్నీ తెచ్చాడు. ప్రేమ పేరుతో ఆడమనిషిని ఆమె బతికిన ఏళ్లను కొట్టేయమని అడగడం దగ్గర మాత్రం నేను అతనితో లేను, ఎంత జాలి పడినా లేను. "అన్నీ నాయే" అంది చూడండి, మంచిగ ఉన్న దినాలూ లేని దినాలూ కలిపి. ఆ రెండు ముక్కలు అతను మోసుకొచ్చిన సంచుల కంటే బరువైనవి.

ఊళ్లో ఇంకో మాట కూడా నడిచింది, ఎవరి ద్వారా బయటికొచ్చిందో తెలియదు. పవర్లూమ్ మీద బతికే మొగుణ్ని పట్టుకుని, ఎదురొచ్చిన అదృష్టాన్ని కాదనుకుందట అని. సేటు కారు ఎక్కితే ఆమె జాతకం మారిపోయేదట. ఈ మాటలన్నవాళ్లలో 1999లో "లేబరోనికి పిల్లనిస్తరా" అని నవ్వినవాళ్లు ఉన్నారు. నేను పేరు పేరునా చెప్పగలను, చెప్పను. అప్పుడు అతని దగ్గర డబ్బు లేదని ఆమెను ఇవ్వలేదు, ఇప్పుడు డబ్బుందని ఆమె ఎందుకు వెళ్లలేదంటారు. రెండుసార్లూ లెక్క వేసింది వాళ్లే.

ఆ అన్నతో తర్వాత ఒకసారే మాట్లాడాను. తప్పు నాది కూడా అని చెప్పాను. "లేదు చెల్లె" అన్నాడు. తర్వాత, "చిల్లులు ఉంటయని నాకు తెల్వదు" అన్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు వాళ్లమ్మ, వాచ్‌మెన్ ఉంటున్నారు. బతుకమ్మకు లైట్లు వేయిస్తూనే ఉన్నాడు, భోజనాలు పెట్టిస్తూనే ఉన్నాడు, వేపచెట్టు కింద మాత్రం నిలబడడం లేదు.

ఆమెకు నేను చేసిన పనికి క్షమించమని అడగడానికి ఏడాది పట్టింది. "నువ్వైనా చెప్పి పిలువాల్సింది" అంది, అంతకు మించి పెంచలేదు.

చీరలు మా ఇంట్లోనే ఉన్నాయి. అతను తీసుకెళ్లలేదు, తీసుకెళ్లమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎవరికీ ఇవ్వలేను, కట్టుకోలేను. పోయిన పండుగకు ఆమె వచ్చినప్పుడు ఏదో కావాలని నా బీరువా తీసింది. కింది అరలో ఆ ఎనిమిది రంగులూ కనపడ్డాయి. కాసేపు అట్లాగే చూసి, వంగి ఒకదాని మడత సరిచేసింది.

"ఇట్లనే పెడితే పురుగు పడతది" అంది. "కలరా ఉండలన్న వెయ్యి."